బంగారు ఛాయ

ఎల్బీనగర్‌లో ఓ ఫ్లాట్ బాల్కనీ. నాలుగు రోజుల పసివాణ్ని మధ్యన పడుకోబెట్టుకుని, వాడి రంగు ఎవరిదని వియ్యపురాళ్ళిద్దరూ వాదులాడుకుంటున్నారు.

"చూశారా వదినగారూ, ఏం బంగారు ఛాయో! అచ్చం మా మావగారే," అంది నాయనమ్మ.

అమ్మమ్మకు ఒళ్ళు మండింది. "మీ మామను ఫొటోల సూసిన వదినె, గా రంగు యాడుంది? మా దిక్కు పుట్టినోళ్ళంత గిట్లనే పసిడి లెక్కుంటరు."

"మరి మీ అమ్మాయి అలా లేదేం?"

"మీ ఇంటికొచ్చినంక నల్లబడ్డది."

"పోనీ, కళ్ళు చూడండి. కళ్ళు మాత్రం మావే."

అమ్మమ్మ వంగి, నిద్రపోతున్న వాడి రెప్పలు మెల్లగా ఎత్తి చూసింది. తెల్లగా ఉండాల్సిన కళ్ళు పచ్చగా ఉన్నాయి. నుదుటిని వేలితో నొక్కి తీస్తే అక్కడా పచ్చదనమే.

"వదినె, పొద్దుగాల్నుంచి పాలు తాగిండా?"

"లేపినా లేవడం లేదు. మా మావగారి నిద్రే!"

"నిద్ర గాదు, కామెర్లు! జల్ది ఆటో పిలువుండ్రి!"

"కామెర్లా? మా వంశంలో లేవండీ. అవి మీ వైపువే."

దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ పిల్లాడి కళ్ళకు గంతలు కట్టి, నీలిరంగు లైట్ల కింద పడుకోబెట్టింది. వేళకు తెచ్చారనీ, లేపి లేపి పాలు పట్టాలనీ, తగ్గిపోతుందనీ చెప్పింది.

ఇద్దరూ అద్దానికి ముఖాలు ఆనించారు. లోపల పిల్లాడు నిలువెల్లా నీలంగా మెరుస్తున్నాడు.

"ఇదేం రంగండీ వదినగారూ?"

అమ్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"గిదైతే పక్కా మా నాయిన రంగే, వదినె."