మెడనొప్పికి మర్యాద లేదు

ఎప్పుడు మొదలైందని మళ్లీ అడుగుతున్నారు లీలమ్మగారూ. నా జ్ఞాపకం మీద నాకే నమ్మకం లేదు. పోయినసారి మీతో, ఆఫీసులో చేరాకేనని అన్నాను కదూ? పెళ్లయిన ఏడాదే మొదలైందేమో. ఏది రాసుకుంటారో మీ ఇష్టం.

నొక్కండి. మీ ఫిజియోథెరపీ అంటే నొక్కడమే కదా.

మొదటిరోజు మెడ వెనక, పుర్రె కింది గుంటలో మీరు వేలు పెట్టగానే కంటి వెనక నొప్పి పలికింది. ఒప్పుకుంటాను. తలలో తెలుస్తున్న నొప్పి మెడలో పుట్టిందని నాతో అంటే సరిపోయేది. బయట బెంచీ మీద కూర్చున్న మా వారిని పిలిచి మరీ ఎందుకు చెప్పారండీ? "ఇది పార్శ్వపు నొప్పి కాదు గోపాలకృష్ణమూర్తిగారూ, మెడది. టైపు మిషను దగ్గర రోజంతా ఎడమకు తిరిగి కాగితం చూడడం వల్ల వచ్చింది. నయమైపోతుంది." ఏదో శుభవార్త చెప్పినట్టు.

పార్శ్వపు నొప్పికి మా ఇంట్లో ఒక మర్యాద ఉంది. మా అత్తగారి తల్లికి ఉండేదట అది. అందుకని నేను ఆఫీసు నుంచి వచ్చి తల పట్టుకుంటే అత్తగారే కిటికీ మూసేవారు. నుదుటికి శొంఠి పట్టు వేసేవారు. పిల్లల్ని ఆ గది వైపు రానిచ్చేవారు కాదు. సైదాబాద్‌లో రెండు గదుల వాటాలో తొమ్మిదిమందిమి. నాకంటూ తలుపు మూసుకునే వేళ అదొక్కటే.

మెడనొప్పికి ఏముంది? ఆ సాయంత్రమే అత్తగారు రుబ్బురోలు చూపించారు. "మెడేనుటే? నాలుగు తిప్పులు తిప్పు, అదే సర్దుకుంటుంది." మా వారు నా దిండు తీసేశారు. అదీ వైద్యమేనట.

గడ్డం లోపలికి లాక్కుని మెల్లగా తల ఊపమంటారు మీరు. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో నేను చేస్తున్న పని అదే. దానికోసం రెండు బస్సులు మారి శాలిబండ దాకా రావాలా?

నవ్వకండి. మీ ఆయా కళావతీ అంతే. మొన్న గడ్డం కింద పట్టీ కట్టి, మెడను పైకి లాగుతూ, "గట్ల బిగబడితె ఎట్లమ్మా? ఇంట్ల ఫికరంత ఈడికి మోసుకొచ్చినవా ఏంది?" అంది. అక్కడ దింపే చోటు లేదు కళావతీ అన్నాను. పట్టీలోంచి మాట పైకి రాలేదు.

ఇవాళ మా వారు లోపలికి వచ్చి అడుగుతారు. ఇంకా తగ్గలేదని చెప్పండి. సాయంత్రాలు చీకట్లో పడుకోవాలనండి. చెప్పరా? అబద్ధమాడరా? మీ చదువుకు అదొక అలంకారం.

సరే. వారంగా నాకు నొప్పి లేదు. ఒక్క పూటైనా రాలేదు. నిన్న మాత్రం పిండి రుబ్బుతూ రుబ్బుతూ కంటి మీద చెయ్యి పెట్టుకుని కూలబడ్డాను. అత్తగారు హడలిపోయి, "ఆ మెడ డాక్టరమ్మకేం తెలుసు" అంటూ కిటికీ మూశారు. ఆ చీకట్లో కళ్లు తెరుచుకుని, ఏ నొప్పీ లేని తలతో, చాలాసేపు పడుకున్నాను.

ఇంతసేపూ మీకు కావాలనే చెప్పలేదు. చెబితే వైద్యం ఆపేస్తారు. ఆపిన మర్నాటి నుంచి ఆ ఇంట్లో నాకు జబ్బంటూ ఉండదు.