ఫల్గుణ కాఫీ డాట్ కామ్

నవ్వకు ఫల్గుణా. నువ్వు నవ్వట్లేదని నాకూ తెల్సు, పైకి నవ్వట్లేదు. ఆ ఎండేసిన కాఫీ పళ్లని కాలితో తిరగేసుకుంటా, తల వంచుకుని లోపల నవ్వుకుంటన్నావు. పదేళ్లయి సూత్తన్నాను నిన్ను, ఆమాత్రం తెలీదేటి నాకు?

పొద్దున్నే సాలూరులో బస్సెక్కి వచ్చేను. టిఫిన్ కూడా సెయ్యలేదు. ఎందుకొచ్చేనో నీకు తెల్సు. నీ కూతురు స్వర్ణ ఆ పేరు తీసీసుకున్నాది. అది నాకు కావాలి. గుంటకి నువ్వు సెప్పాలి. అంతే, ఇంకేటీ లేదు.

ఏటీ? ఏ పేరా? అమాయకుడివి మరి. ఉండు, మొదటి నించి సెప్తాను, తప్పెవరిదో నువ్వే సెప్పు.

వెబ్‌సైటు ఉండాలన్నది ఎవరు? నేనే. బొర్రా గుహలు సూసొచ్చినోళ్లు రోడ్డు మీద కారాపి, మన కొట్లో కాఫీ తాగి, మన నాలుగ్గదుల్లో పడుకుని ఎల్లిపోతన్నారు. దారిన పోయినోళ్ల మీద ఎన్నాళ్లు బతుకుతాం? వాళ్లింట్లో కూకునే ఫోన్లో గది బుక్ సేసుకోవాలి. మంచు పడే నెల్లు వచ్చెత్తన్నాయి. దానికి సైటు కావాలి, సైటుకి ఓ పేరు కావాలి. ఇంటికి డోరు నంబరు ఉన్నట్టన్నమాట.

మొదట మా సిద్ధాంతి గారి సేత పెట్టించేను. శ్రీ వరాహ హిల్ వ్యూ రిసార్ట్స్ అరకు, మధ్యలో సిన్న అడ్డగీత, ఆకర్ని తొమ్మిది అంకె. తొమ్మిది నాకు కలిసొచ్చే అంకె. బోర్డు మీద రాయిత్తే రెండు లైన్లొచ్చింది. ఎంత దర్జాగా ఉందో అనుకున్నాను.

ఫోన్లో సెప్పబోతే తెలిసొచ్చింది. విశాఖపట్నం ఆవిడ, కార్లో కొండెక్కుతా ఫోన్ సేసి, సైటు పేరేంటండీ అన్నాది. శ్రీ అన్నాను, వరాహ అన్నాను, హిల్ వ్యూ అన్నాను. గీత పైన పెట్టాలా కింద పెట్టాలా అనడిగింది. మధ్యలోనమ్మా అన్నాను. తొమ్మిది దాకా వచ్చీసరికి వాళ్ల కారు మలుపు తిరిగింది, సిగ్నల్ పోనాది. ఆవిడ ఇప్పటికీ ఏ మలుపులో ఉన్నాదో.

అప్పుడు సాయినాథ్‌ని పట్టేను. విశాఖలో సైట్లు కట్టే మనిషి, నాకు దూరపు సుట్టం. అంతా విని నెత్తి మీద సెయ్యెట్టుకున్నాడు. "బాబాయ్, పేరు ఒక్కసారి సెప్తే ఎదుటోడు రాసుకోగలగాలి. పొట్టిగా ఉండాలి. గీతలూ అంకెలూ ఒద్దు. జనం నోట్లో ఇప్పటికే తిరుగుతున్న పేరయితే ఇంకా మంచిది" అన్నాడు.

సరే, అరకు అని కొట్టమన్నాను. ఎవడో తీసీసుకున్నాడు. దాని ముందు కాఫీ పెట్టేం, ఎనక కాఫీ పెట్టేం, లోయ అన్నాం, మంచు అన్నాం, బొర్రా అన్నాం. అన్నీ అయిపోనాయి. ఈ కొండ మొకం సూడనోళ్లు ఎక్కడో ఏసీ గదుల్లో కూకుని కొండ పేర్లన్నీ కొనీసి పెట్టుకున్నారు. ఇక్కడ సెంటు భూమి కొనాలంటే గిరిజనుడు కానోడు కొనకూడదని సట్టం అడ్డమొత్తది. పేరు కొంటే మాత్రం అడిగీ నాథుడు లేడు. బయటోళ్లు వచ్చి అలా లాక్కుపోడం అన్యాయం కదేటి?

ఎందుకలా సూత్తావు నా వైపు?

మరేం సేత్తాం, జనం నోట్లో ఏ పేరున్నాదో సూద్దామని సాయినాథ్ ఫోన్ తీసి, మన దగ్గర దిగినోళ్లు రాసినవి సదవడం మొదలెట్టేడు. ఫల్గుణ గారి కాఫీ లాంటిది ఎక్కడా తాగలేదు. ఫల్గుణ గారు మమ్మల్ని కొండ కింద పారే గెడ్డ దాకా నడిపించుకెళ్లారు. ఫల్గుణ గారి గదులు శుభ్రంగా ఉన్నాయి. ఫల్గుణ గారు, ఫల్గుణ గారు. మంచాలు నావి, దుప్పట్లు నావి, సాలూరు నించి లారీ మీద నేను దగ్గరుండి ఎక్కించినవి. శుభ్రం మాత్రం ఫల్గుణ గారిది. నా గురించి ఒక్కడే రాసేడు, కౌంటరు దగ్గర ఒకాయన పొద్దస్తమానం అరుస్తుంటాడు అని.

మూడ్రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు మనసు రాయి సేసుకున్నాను. పేరే కదా, పోనీ ఫల్గుణ కాఫీ అనే పెట్టు అన్నాను. భూమి నీ పేరు మీద లేదేటి? కరెంటు మీటరు, కొట్టు లైసెన్సు, పంచాయితీ రసీదు, అన్నీ నీ పేరు మీదే కదా.

తెల్సు, నేనే పెట్టించేను. నేను కొనడానికి లేదు కాబట్టి నీ పేరు మీద కొన్నాను. బండెనకాల నిన్ను కూకోబెట్టుకుని ప్రతి ఆఫీసుకీ తీసుకెల్లి, సంతకం ఎక్కడెట్టాలో ఏలెట్టి సూపించేను. మా ఆవిడ నాగలక్ష్మి అందరితోటీ సెప్పుకునీది, మా ఆయన తెలివి ఎవరికీ రాదని.

సాయినాథ్ ఆ పేరు కొట్టేడు. కొట్టి, నా మొకం సూసేడు. "ఇదీ ఎవరో తీసీసుకున్నారు బాబాయ్" అన్నాడు. తెరిత్తే ఏటున్నాది? నువ్వు. ఎర్రటి కాఫీ పళ్లు దోసిట్లో పట్టుకుని నువ్వు. కింద గెడ్డ, మీ అమ్మ సోములమ్మ సేటలో సోళ్లు సెరుగుతా. ఆ కింద మా గదులు అని రాసి, నా నాలుగ్గదులు, నా దుప్పట్లు. బుక్ సేసుకోండి అని స్వర్ణ ఫోన్ నంబరు.

ఫోన్ సేసేను గుంటకి. గట్టిగానే అడిగేను. ఎంత మర్యాదగా మాటాడిందో తెల్సా? "లైసెన్సు మీద ఎవరి పేరుందో ఆ పేరే పెట్టేను సావుకారూ. తప్పయితే మీ దగ్గరున్న కాగితం పట్టుకుని ఆఫీసరు గారి దగ్గరికి రండి, నేనూ వస్తాను" అన్నాది.

ఆ కాగితం నీకు గుర్తుందా? ఇదంతా నిజానికి వరహాలరావుదే, అంటే నాదే, ఫల్గుణ పేరు ఊరికే వాడుకున్నాం అని రాయించి నీ సేత సంతకం ఎట్టించేను. నీకు సదివి వినిపించలేదు. బ్యాంకు కాగితం అని సెప్పేను. అవును, అబద్ధమే సెప్పేను. ఈ గుంట అప్పుడు ఏడో తరగతి, నీ పక్కన జడ నోట్లో పెట్టుకుని నిలబడి ఆ కాగితమే సూత్తన్నాది. సదువుకుంటదని నేననుకోలేదు.

పదేళ్లు బీరువాలో పసుపు గుడ్డలో సుట్టి దాసేను దాన్ని. మొన్న వకీలుకి సూపిత్తే, ఇది బయటెడితే సట్టం తప్పినట్టు నువ్వే ఒప్పుకున్నట్టు, ముందు కొండ దిగీది నువ్వే అన్నాడు నాతో.

ఏదీ, ఆ కాఫీ గ్లాసు ఇలా తే. సల్లారిపోనాదా? పర్లేదు.

ఇంకో సంగతుంది. సైట్లో మా మనుషులు అని ఒక పేజీ పెట్టింది. మీ ముగ్గురి ఫొటోలు, ఆకర్ని నాదొకటి, కౌంటరు దగ్గర నోరు తెరుచుకుని అరుత్తన్నది. కింద వరహాలరావు, సహాయకుడు అని రాసింది. బస్సులో వచ్చినంత సేపూ, పేరు ఇయ్యకపోయినా అదైనా తీయించాలి అనుకుంటా వచ్చేను.

కాఫీ బాగుంది ఫల్గుణ గారూ.

స్వర్ణమ్మతో సెప్పండి, ఆ ఫొటో తియ్యొద్దని. సహాయకుడు అనే ఉండనివ్వమనండి. నేనీ కొండ మీద ఉన్నానని రాసున్నది అదొక్కటే.