రెండోసారి ఊదిన ట్రాంబోన్

జపాన్‌లోని నగోయాలో ఆర్కెస్ట్రా సాధన గది. ట్రాంబోన్లనే ఇత్తడి బాకాల జట్టు పెద్దాయనా, రేపటితో ప్రొబేషన్ ముగిసి, తోటివాళ్ల ఓట్లతో ఉద్యోగం తేలే కొత్తమ్మాయీ మాత్రమే మిగిలారు.

"మావన్నీ లావు గొట్టం ట్రాంబోన్లు. నీ సన్న గొట్టం డొక్కు మాతో కలవదమ్మాయ్. మార్చకపోతే రేపు నీకు ఓటెయ్యను."

"సెన్సై," అంది ఆమె, గురువుగారన్న గౌరవంతో. "కాస్త గోడవైపు తిరగండి. నాదొకసారి, మీదొకసారి ఊదుతాను. ఏది ఎవరిదో చెప్పండి."

"నా చెవులకే పరీక్షా? సరే, కానీ."

ఆమె ఒకే వరస రెండుసార్లు ఊదింది.

"రెండోది నాది! ఎంత నిండుగా ఉందో విన్నావా?"

"రెండుసార్లూ నా డొక్కే ఊదాను. మీది ముట్టుకోనేలేదు."

పెద్దాయన వెనక్కి తిరిగి, పెట్టినచోటే ఉన్న తన ట్రాంబోన్‌ని చూసుకున్నాడు.



"రేపు ఆ డొక్కే తెచ్చుకో. ఓటు నీకే. మరి మొదటిసారి అంత పలచగా వచ్చిందేం?"

"అప్పటికింకా మీరంటే భయం పోలేదు, సెన్సై."