దూలం కింద ఆడపడుచు

అది కాదండీ ఆఫీసరు గారూ, ముందు మీరు పైకి చూడండి. కాగితాలు తర్వాత చూద్దురు గాని. అదిగో, ఆ దూలం. నడుమ బాగా కిందికి దిగిపోయింది, చూశారా? పోయినేడు అంత లేదు. రోజూ చూసేదాన్ని, నాకు తెలియదూ? సరిగ్గా దాని కింద ఎవరున్నారు? మా ఆడపడుచు. పడకకుర్చీలో. నోరు తెరుచుకుని.

మెల్లిగా మాట్లాడమంటారా? అక్కర్లేదండీ. నిద్ర కాదది, ఉద్యోగం.

కూర్చోమనకుండా నిలబెట్టి మాట్లాడుతున్నానని ఏమీ అనుకోకండి. కూర్చోడానికి ఏముంది ఇక్కడ? సోఫాలకి తాళ్ళు, కుర్చీలకి తాళ్ళు, ఆఖరికి చెప్పులు వేసుకునేటప్పుడు కూర్చునే బల్లకి కూడా తాడే. అన్నీ మీవాళ్ళు కట్టినవే. పొద్దున తలుపులు తీసిన దగ్గర్నుంచి సాయంత్రం మూసేదాకా ఇంటివాళ్ళం నిలబడే బతుకుతాం. మాకు అలవాటే. మీకే కాళ్ళు లాగుతాయి, కాస్త ఆ గోడకి... అయ్యో, ఆనుకోకండి! సున్నం రాలితే నన్నంటారు.

నేనేమన్నా గొంతెమ్మ కోరికలు కోరుతున్నానా చెప్పండి? దూలం మార్చమన్నాను, కుదరదన్నారు. సరే, కింద ఒక గుంజ నిలబెట్టమన్నాను. హాలు అందం పోతుందన్నారు. సరే, ఆ కుర్చీని నాలుగడుగులు అటు జరుపుకుంటాం అన్నాను. దానికే కదా ఇవాళ మీరొచ్చింది? జరపనివ్వండి. అంతే. దూలం పడితే నేల మీద పడుతుంది. మనిషి బతికిపోతుంది.

'ఉన్నది ఉన్నట్టు.' ఆ ముక్క మళ్ళీ నాకు చెప్పకండి. పాత కట్టడాల శాఖ వాళ్ళ నోట మొదటిసారి విన్నప్పుడు ఎంత బాగుందో అనుకున్నాను. సర్వే జరిగిన రోజున ఏది ఎక్కడుంటే అది అక్కడే ఉండాలి, కదలకూడదు, మారకూడదు. బాగానే ఉంది. కాని ఆ సర్వేకి వచ్చేవాళ్ళు ముందొక మాట చెప్పి రావద్దూ? పడని చుట్టాలు కూడా చెప్పే వస్తారు. చెబితే ఇల్లు ఊడ్చుకుని ఉండేదాన్ని కదా!

ఆ రోజు వాన. హాల్లో కారుతోంది. స్నానాల గదిలోంచి నీలం ప్లాస్టిక్ బకెట్టు తెచ్చి చుక్క కింద పెట్టాను. పెట్టి ఇటు తిరిగానో లేదో, ఫోటో తీసేసుకున్నారు. అయిపోయింది. బకెట్టు చరిత్రకెక్కింది. మా స్నానాలకి ఇంకోటి కొనుక్కున్నాం.

అక్కడితో ఆగారా? బకెట్టు ఉందంటే చుక్క పడాలి. చుక్క పడాలంటే కప్పు కారాలి. కాబట్టి కప్పు బాగు చెయ్యకూడదు! చూడవచ్చేవాళ్ళకి ఆ టప్పు టప్పుమనే చప్పుడు మహా నచ్చిందట. కళ్ళు మూసుకుని 'పాత రోజులు గుర్తొస్తున్నాయి' అంటారు. ప్లాస్టిక్ బకెట్టులో ఎవరి పాత రోజులండీ? ఎండాకాలం వచ్చింది, చుక్క ఆగింది. మీవాళ్ళు ఊరుకున్నారా? మేడ మీదికి ఒక మనిషిని ఎక్కించి పైపుతో నీళ్ళు పోయించారు. ఇప్పటికీ పోస్తూనే ఉన్నాడు. ఈ ఇంటి ఇల్లాలిని, నా వంటింటి కుళాయిలో చుక్క నీరు రాదు. కప్పు మీద మాత్రం వరద. అలా పగలల్లా నానబెడితే దూలం పుచ్చక ఏం చేస్తుంది?

ఏమన్నారు? గట్టి టేకా?

నవ్వొస్తోంది నాకు. గుమ్మం దగ్గర బోర్డు చదివారు కామోసు. 'ఏరి తెచ్చిన టేకుతో ఎంతో శ్రద్ధగా కట్టించిన మహాభవనం.' ఏరి తెచ్చిన మాట నిజమే. మా మామగారి తాత కలప వ్యాపారి. మంచి కలప అమ్మేసేవాడు. వంకరదీ, పగుళ్ళదీ, పురుగు పట్టిందీ, కొన్నవాడు తిరిగి తెచ్చి మొహాన కొట్టిందీ మిగిలేవి. పారెయ్యడానికి చెయ్యి రాదు. గది కట్టేవాడు. ఒక ఏడు బేరాలు బాగా లేవా, ఒక గది. బొత్తిగా మునిగాడా, ఇంకో అంతస్తు. ఊళ్ళోవాళ్ళు వీధిలో నిలబడి తలెత్తి చూసి, 'అబ్బ, మనిషి ఎంత పైకొచ్చాడు!' అనుకునేవారట. పైకి రావడం కాదు నాయనా, మునగడం. మా ఇంటి ఎత్తు చూసి నష్టం అంచనా వేసుకోవాలి.

ఈ హాలుందే, ఆయన జీవితంలోకెల్లా పెద్ద దెబ్బ. ఓడలో పంపిన సరుకంతా అదే ఓడలో వెనక్కొచ్చిన ఏడు కట్టాడు. ఆ దూలం పుట్టుకతోనే పుచ్చు. ఇప్పుడు దానికి తోడు మీ పైపు.

మా ఆయన్ని చూశారా? చూసే ఉంటారు. గేటు దగ్గర మీకు టికెట్టు చింపి ఇచ్చింది ఆయనే. సొంతింటి గేటు! సర్వే నాటికి మెట్లలో ఒకటి విరిగి ఉంది. విరిగింది విరిగినట్టే ఉండాలన్నారు. ఉంది. ఈయన జారాడు, కాలు విరిగింది. డాక్టరు పిండికట్టు వేసి పంపాడు. మర్నాడు మీ శాఖ ఆయనొకడు వచ్చి, ఆ కాలు చుట్టూ ప్రదక్షిణం చేసి, 'ఈ ఆవరణలో సున్నం, ఇసుక తప్ప వేరే పూత పనికిరాదండీ' అన్నాడు. వేళాకోళమనుకుని నవ్వాను కూడా. పిండికట్టు కోయించి, మేస్త్రీని పిలిపించి, తాపీతో సున్నం కట్టించారు! అది ఆరడానికి వానాకాలమంతా పట్టింది. కాలు బాగానే అతుక్కుందిలెండి, అబద్ధమెందుకు? కాకపోతే మబ్బు పడితే చెమ్మగిల్లుతుంది.

పోనివ్వండి, మగవాడు, ఎలాగో నెట్టుకొస్తాడు. నా దిగులల్లా ఈవిడ గురించే. సర్వే రోజున భోంచేసి పడకకుర్చీలో కునుకు తీస్తోంది. ఫోటోలో పడింది. మీ పట్టికలో ఏమని రాశారు? 'పడకకుర్చీ, పాతది, నిద్రిస్తున్న స్త్రీ సహితం.' సహితం! మనిషిని కుర్చీకి తోకలా తగిలించారు. నాకు ఒళ్ళు మండి, కోర్టుకెక్కుతానన్నాను. ఈవిడ వద్దంది. 'బాగా రాశారే అమ్మాయ్' అంది.

మా ఆయనకి అక్క ఈవిడ. పెళ్ళి చేసుకోలేదు, పుట్టినప్పట్నుంచీ ఈ ఇంట్లోనే ఉంది. ఉన్నట్టు ఎవరికీ తెలియదు, అంతే. కుటుంబం ఫోటోలు చూడండి, అన్నిట్లోనూ ఈవిడ భుజం ఉంటుంది, మొహం ఉండదు. తలుపు కొట్టినవాళ్ళు 'ఇంట్లో ఎవరూ లేరా?' అని అడిగేది ఎవరినో తెలుసా? తలుపు తీసిన ఈవిడనే!

అలాంటి మనిషిని చూడ్డానికి ఇప్పుడు బస్సులేసుకుని వస్తున్నారు. 'కదిలింది, కదిలింది' అని పిల్లలు కేరింతలు. బొమ్మలు గీసుకునేవాళ్ళు గీసుకుంటారు. సర్వే నాటికి ఈవిడ జుట్టు సగమే నెరిసింది. ఇప్పుడు మొత్తం నెరిసిందని నెలనెలా మీవాళ్ళే వచ్చి రంగు వేసి వెళ్తున్నారు. సగానికే! సాయంత్రం తలుపులు మూశాక లేచి ఒళ్ళు విరుచుకుని నన్నడుగుతుంది: 'ఇవాళ గురక ఎలా ఉందే?' బాగానే ఉంది వదినా అంటాను. 'నిన్నటి కంటేనా?' ఏం చెప్పను? నిన్నటి కంటే నిండుగా ఉందంటాను.

దొంగతనంగా కూడా జరిపి చూశానండీ కుర్చీని, దాచడమెందుకు? పొద్దున్నే మీ మనిషి టేపు పట్టుకొచ్చి కొలిచి, ఈవిడ అందులో ఉండగానే కుర్చీతో సహా బరబరా వెనక్కి ఈడ్చాడు. ఈవిడ కన్ను తెరవలేదు. అంత నిష్ఠ!

నచ్చజెప్పలేదనుకోకండి. 'వదినా, దూలం పడుతుంది' అన్నాను. 'పడనీ' అంది. నెత్తి మీద పడుతుందన్నాను. 'నెత్తి నీదా నాదా?' అంది. 'చచ్చిపోతావు వదినా!' అన్నాను. 'ఇన్నాళ్ళూ ఏం చేశాననుకున్నావు?' అంది.

ఇక ఈవిడతో లాభం లేదని మీ ఆఫీసుకి అర్జీ పెట్టాను.

అదిగో, మళ్ళీ రాలింది! ఆవిడ ఒళ్ళో చూడండి. దుమ్మనుకుంటున్నారా? దూలమండీ అది. పొట్లాలు కట్టినట్టు కొంచెం కొంచెంగా దిగుతోంది. నాలుగడుగులు, ఆఫీసరు గారూ. మీకూ ఇంట్లో అక్కో వదినో ఉండే ఉంటుంది.

ఏమిటీ? నీడా? కుర్చీ నీడ గోడ మీద ఎక్కడ పడాలో అది కూడా పట్టికలో ఉందా? మీ ఆఫీసులో జనానికి వేరే పనేమీ లేదా అండీ?

పోనీ, దూలం పడ్డాక ఏం చేస్తారో చెప్పండి. పడింది పడ్డట్టే ఉంచుతారు. అవును, అడిగాను చూడండి, నాదీ బుద్ధితక్కువ.

ఆగండాగండి. ఏమన్నారు? ప్రమాదంలో ఉన్న వస్తువు అయితే, అసలుది తీసి భద్రం చేసి, దాని చోట నకలు పెట్టొచ్చా? రూలు ఉందా అలా? ఇంతసేపూ చెప్పరేమండీ! నేనడగలేదా? బాగుంది.

అంటే మా వదినలాంటి మైనం బొమ్మ ఇక్కడ. వదిన లోపలి గదిలో, దూది పరుపు మీద. ఎండ తగలకుండా, చెమ్మ తగలకుండా. ఏసీ కూడానా! ఈ ఇంట్లో ఎవరి మొహానా ఏసీ లేదండీ.

కాస్త గట్టిగా చెప్పండి. నిద్రలో ఉంది కదా, వినబడాలి.

వదినా, నిన్ను తీసెయ్యడం కాదు. నువ్వు అసలుదానివి. ఇక్కడ పెట్టేది ఉత్త నకలు. టికెట్టు కొన్న ప్రతివాడూ అసలుదాన్ని చూడ్డానికి వీల్లేదట. గొప్ప గొప్ప చదువులు చదివినవాళ్ళు అనుమతి తెచ్చుకుని, చేతులు కడుక్కుని మరీ వస్తారట. అంతేనా ఆఫీసరు గారూ? తలూపండీ, మీ సొమ్మేం పోయింది!

అదిగో. నిద్రపోతున్న మనిషి జుట్టు సర్దుకుంటోంది. ఏంటి వదినా? బొమ్మకి మెడ మీద పుట్టుమచ్చ పెట్టకూడదా? అది అసలుకే ఉండాలా? రాసుకోండి, రాసుకోండి, ఈవిడ మనసు మారకముందే రాసుకోండి.

లే వదినా. నా భుజం పట్టుకో. బకెట్టు తన్నకు. ఆఁ, అలా. వెళ్ళి ఆ తలుపు దగ్గరగా వేసుకో. కాదు, తాళం వాళ్ళే వేస్తారు. అసలుదానివి కదా మరి!

హమ్మయ్య. నా గుండెల మీంచి దూలం దిగినట్టుంది.

మరి బొమ్మ ఎప్పుడొస్తుంది? ఎప్పుడూ? కొలతలు తియ్యాలి, కమిటీ చూడాలి, మైనం రంగు మీద ఇంకో కమిటీ... మూడేళ్ళా! పోనీలెండి, అందాకా కుర్చీ ఖాళీగా ఉంటుంది.

ఎందుకుండకూడదు? 'స్త్రీ సహితం.' ఔను, రాశారు కదా. ఒక్కరోజు ఖాళీగా ఉన్నా ఇంటికి గుర్తింపు పోతుందా? పోతే? ఇల్లు మీ శాఖ చేతిలోనే ఉంది కదా, కూల్చేసి దుకాణాలు కట్టుకుంటామని అడిగేవాళ్ళకి ఇచ్చేస్తారు. అంటే మేం ముగ్గురం వీధిలో. ఇప్పుడిప్పుడే అసలుదైన మనిషి కూడా వీధిలో.

తాత్కాలిక నకలు. ఇంటి మనిషై ఉండాలి. ఆడమనిషై ఉండాలి. అలా చూస్తారేమండీ నన్ను?

చుట్టూ చూస్తే ఇంకెవరూ లేరు, నిజమే.

ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి. 'దూలం పరిస్థితి తెలిసి, నా ఇష్టపూర్వకంగా...' ఇది కూడా ముందే అచ్చు వేయించి జేబులో పెట్టుకొచ్చారా! మీరు అమాయకులనుకున్నాను నేను. కలం ఇవ్వండి.

ఇంకా వెచ్చగానే ఉంది కుర్చీ. వెనక్కి వాలాలా? ఇంకా? అమ్మో, ఇక్కణ్ణుంచి చూస్తే దూలం మరీ దగ్గరగా ఉందండీ.

జాలిపడకండి, ఆ మొహం మార్చండి. నిజం చెప్పనా? కోడలిగా ఈ గడప తొక్కిన నాటి నుంచీ పగటిపూట ఇలా నడుం వాల్చింది లేదు నేను. ఆ దూలానికి భయపడిందీ ఆవిడ కోసమే గాని, నా మటుకు నాకు... హాయిగా ఉందండీ. సాయంత్రం దాకా ఎవరూ పిలవరు కదా? పిలిచినా పలకకూడదు కదా? రూలే కదా అది?

అయితే ఇంకేం. వెళ్ళిరండి. గేటు దగ్గర మా ఆయన అడుగుతాడు, వంటయిందా అని. వస్తువులు వంట చెయ్యవని చెప్పండి.