కుడిబుగ్గలో ఎర్రరోబో, ఎడమబుగ్గలో నల్లరోబో

సినిమా హాలు గోడమీద కొత్త పోస్టరు పడి రెండు రోజులైంది. ఏడు భాగాలుగా కొట్టుకుంటూనే ఉన్న ఎర్రరోబో, నల్లరోబోల కథకి ఇది ఎనిమిదోది, బొమ్మల సినిమా. ఆ రెండూ ఎలా పుట్టాయి, ఒక్క ప్రాణంగా ఉన్నవి ఎందుకు విరోధులయ్యాయి అన్నదే కథట. ఎదురుగా టీ కొట్టులో మేం ఆ పోస్టరు చూస్తూ ఉంటే మైకు మామ వచ్చి బెంచీ నడిమధ్యన కూర్చున్నాడు. సభలకీ పెళ్ళిళ్ళకీ మైకుసెట్టు అద్దెకిస్తాడాయన. మైకు లేకపోయినా బాగానే వినిపిస్తాడు.

మూల బల్ల దగ్గర ఆయన తోడల్లుడు, సినిమా హాలు ఆపరేటరు, మావైపు వీపు పెట్టి టీ తాగుతున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ కలిసి పెట్టిన మైకుసెట్టే అది. నాలుగేళ్ళ కిందట విడిపోయారు, అప్పట్నించి మాటల్లేవు. అక్కాచెల్లెళ్ళు మాత్రం వీళ్ళిద్దరి వాటా కూడా కలుపుకుని రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు.

సెలూన్ అతను ఆ పూట పిల్లల్ని మ్యాట్నీకి తీసుకెళ్తున్నానని నోరుజారాడు. అంతే, మామకి దారి దొరికింది.

"వెళ్ళు, వెళ్ళి విను. అందులో గొంతు నాదే. అంటే, మొదట గొంతు కాదులే, అబద్ధం ఎందుకు చెప్పాలి, నేను ఆ స్టూడియోకి వెళ్ళింది ఆంప్లిఫయరు బాగుచెయ్యడానికి. గుయ్యిమని ఒకటే రొద. వైరు బిగిస్తున్నాను, లోపల డైరెక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు. ఏమయ్యా అంటే, రోబోలు పుట్టిన కార్ఖానా తలుపు తెరుచుకోవాలి, ఆ చప్పుడు కుదరడంలేదు, మూడు వారాలుగా ఊళ్ళో ఉన్న తలుపులన్నీ తెరిచి చూశాం అన్నాడు. ఇంతోటిదానికా అని నోటితో కిర్రుమన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్టూడియోకి ఉన్న తలుపులన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి. బాత్రూంలో మేనేజరున్నాడు పాపం, ఆయన తలుపు కూడా."

టీ కాచే అక్క పంచదార వేస్తూ, ఆ మేనేజరు ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడా అని అడిగింది. మామ వినిపించుకోలేదు.

"ఇక నన్ను వదుల్తారా? నలభైవేల రోబోలు కవాతు చెయ్యాలి, ఆ చప్పుడు కూడా నువ్వే చెయ్యాలన్నారు. ఒక రేకు తెమ్మన్నాను, నా రెండు చెప్పులూ చేతులకి తొడుక్కున్నాను, మొదలుపెట్టాను."

"రెండు చెప్పులతో నలభైవేలా?" అన్నాడు దర్జీ పెద్దాయన.

"ఒకటి ఇరవై, ఇంకోటి ఇరవై. లెక్క సరిపోలేదా? కింద అంతస్తులో పళ్ళ డాక్టరు ఆసుపత్రి. భూకంపం అనుకుని పేషెంట్లందరూ నోళ్ళు తెరుచుకునే రోడ్డు మీదికి వచ్చేశారు. డాక్టరుగారు పరిగెత్తుతూనే ఇద్దరికి పళ్ళు పీకేశాడు, అంత వణుకు పుట్టించానన్నమాట. అది విని ఎర్రరోబోకి గొంతు ఇవ్వాల్సినాయన నాకీ వృత్తి వద్దని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నల్లరోబోకి ఇవ్వాల్సినాయన ఆయన్ని దిగబెట్టి వస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇంకెవరున్నారు? ఇద్దరికీ నేనే. ఎర్రది కుడిబుగ్గలోంచి, నల్లది ఎడమబుగ్గలోంచి. రెండూ పోట్లాడుకునే చోట నాలుక మధ్యవర్తిలా అటూ ఇటూ తిరగలేక మూడు రోజులు వాచిపోయింది. మైకు కరిగి నేలమీద కారితే గరిటెతో ఎత్తుకున్నారు."

సెలూన్ అతను ఫోను తీసి, సినిమాలో మైకు మామ గొంతు వినిపిస్తాను, అత్తగారిని కూడా తయారవమను అని ఇంటికి చెప్పేశాడు. మామ కళ్ళు ఒక్క క్షణం అటూ ఇటూ తిరిగాయి గానీ ఆగితే మామ ఎందుకవుతాడు.

"అసలు సంగతి విను. ఏడు భాగాలు తీశారు కదా, ఆ రెండూ ఎందుకు కొట్టుకుంటున్నాయో తీసినవాళ్ళకే తెలీదు. కొట్టుకుంటున్నాయి, జనం చూస్తున్నారు, సరిపోయింది. ఇప్పుడు పుట్టుక కథ అనేసరికి కారణం కావాల్సొచ్చింది. వచ్చే భాగంలో వాళ్ళమ్మ పుట్టుకట, ఆ పైభాగంలో బోల్టుల బాల్యమట, అన్నిటికీ కారణాలు కావాలి. డైరెక్టరు నా చేతులు పట్టుకున్నాడు. నేను చెప్పాను, చూడు నాయనా, రెండూ కలిసి ఒక యంత్రం చేశాయి, లోకమంతా మెచ్చుకుంది, అప్పుడు నల్లది, దీన్ని చేసింది నేను అని తిరగబడింది. చేసింది ఎర్రదే. అందరికీ తెలుసు. అయినా నల్లదానికి కుళ్ళు."

దర్జీ పెద్దాయన మెల్లగా మూల బల్ల వైపు చూశాడు. మైకు మామ దగ్గరున్న పెద్ద ఆంప్లిఫయరు ఎవరు చేశారో ఈ వీధిలో తెలియనివాళ్ళు లేరు. నాలుగేళ్ళ కిందట ఒక సభలో, దాన్ని నా చేత్తో చేశానని మామ మైకులోనే చెప్పుకున్నాడు. చేసినాయన అప్పుడు స్టేజీ కింద కూర్చుని వైర్లు చుడుతున్నాడు. ఆ వైర్ల చుట్ట అక్కడే పెట్టేసి ఇంటికెళ్ళిపోయాడు. ఇప్పుడు మూల బల్ల దగ్గర ఆపరేటరు గ్లాసు నోటిదాకా వెళ్ళకుండా ఆగింది.

మామ అటు చూడలేదు. గొంతు మాత్రం పెంచాడు.

"ఆ మాట విని డైరెక్టరు ఏడ్చాడు. అది లెక్కలోది కాదు. ఎర్రరోబో విడిపోతూ ఏడ్చే ఘట్టానికి నేను గొంతిస్తుంటే, తెరమీద బొమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. తల తిప్పింది. నాకేసి చూసింది. కంప్యూటరు కుర్రాళ్ళు మేం ముట్టుకోలేదు మొర్రో అంటున్నారు. దాని కళ్ళల్లోంచి నూనె. తెరమీదుగా కారి నేలంతా జిడ్డు, రెండు బకెట్లకి ఎత్తారు. ఇప్పటికీ మా ఇంటి తలుపు బందులకి ఆ నూనే వేస్తున్నాను, నమ్మకపోతే వచ్చి చూసుకోండి, ఒక్క చప్పుడు రాదు."

అప్పుడు లేచాడు ఆపరేటరు. గ్లాసు అక్క చేతికిచ్చి, సెలూన్ అతనితో నెమ్మదిగా అన్నాడు. "మీ అత్తగారిని కళ్ళజోడు మర్చిపోకుండా తెచ్చుకోమను. సినిమా మన భాషలో రాలేదు. వాళ్ళు వాళ్ళ భాషలోనే మాట్లాడుకుంటారు, కింద అక్షరాలు పడతాయి. నిన్నా మొన్నా కలిపి ఎనిమిది ఆటలు వేశాను."

ఆ అక్షరాలున్నాయే, అని మామ అందుకోబోయాడు. ఆపరేటరు ఈసారి నేరుగా ఆయన వైపే తిరిగాడు. నాలుగేళ్ళలో మొదటిసారి.

"ఇంకోటి. నల్లరోబోకి అసలు నోరే లేదు. అది పొద్దస్తమానం పనిచేస్తుంది, అంతే. మాట్లాడేదంతా ఎర్రదే."

దర్జీ పెద్దాయనకి టీ పొలమారింది. అక్క అటు తిరిగి గ్లాసులు కడగడం మొదలుపెట్టింది గానీ భుజాలు ఊగుతున్నాయి. మామ పోస్టరు వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు. మేం ఎప్పుడూ వినని చిన్న గొంతుతో అడిగాడు. "మరి ఎందుకు విడిపోయాయట, అన్నయ్యా?"

హాల్లో గంట మోగింది. ఆపరేటరు రోడ్డు మీదికి అడుగుపెట్టి ఆగాడు.

"రెండు గంటలు నోరు మూసుకుని కూర్చోగలిగితే వచ్చి చూడు."

మామ చెప్పులు వేసుకుని ఆయన వెనకాలే రోడ్డు దాటాడు. హాలు గుమ్మం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. గుమ్మం దాటాక సంగతికి మా పూచీ లేదు.