మేనబావ అడగవలసిన మాట

ఆర్మూరు మార్కెట్ యార్డులో పసుపు కుప్ప పక్కన కూర్చొని, పెద్దలు పెళ్లి అనుకున్న బావామరదళ్లు కొమ్ములు ఏరుతున్నారు.

"ఫోన్ల ఏం ఇంటున్నవ్, బావా?"

"కబ్బాలా. యూదుల ఆధ్యాత్మిక విద్య. కోరికను చంపొద్దంటది. కోరిక పాత్ర లెక్క, గా పాత్ర ఉంటెనే వెలుగు నిండుతదట."

"అబ్బో! నీ పాత్రల ఏం నింపుకుంటవ్?"

"నిన్నే."

"నింపుకునుడేనా? ఇచ్చుడు లేదా?"

"ఉన్నది. ఎదుటోళ్ల సంతోషం కోరితెనే మనిషి ఎదుగుతడట."

"మంచిది. గీ పసుపు వాసన వస్తున్నదా నీకు?"

"పొద్దుగాల్నుంచి గీ వాసనలనే ఉన్న. ఏం తెలుస్తది?"

"నేను గూడ నీకు గట్లనే అయిన. ఎట్లైనా మరదలే గదా, అడుగుడెందుకు అనుకున్నవ్."

ఏరుతున్న అతని చెయ్యి ఆగింది.

"గిప్పుడు అడుగుతున్న. నీకేం కావాలె?"

"డిచ్‌పల్లి యూనివర్సిటీల సీటొచ్చింది. రేపే చేరాలె. నాయిన ముందుగాల పెండ్లి అంటుండు."

"మామకు నేను చెప్త. పెండ్లి నీ సదువైనంకనే."

"తిడితే?"

"తిట్టనీ. మేనల్లుడిని, ఇడిసిపెట్టి యాడికి పోతడు?"

ఆమె ఇంకో కొమ్ము ఏరింది.

"బావా, గా ఇంకో మాట గూడ అడుగరాదు?"

"ఏ మాట?"

"నన్ను చేసుకుంటవా అని."