వరండాలో చాప

హలో… రాజమండ్రేనా? ఆ, నేనే వదినగారూ, వెంకటరత్నాన్ని. సామర్లకోట నుంచి. మీ కోడలి తల్లిని…

కుశలాలు తర్వాత అడుగుదురుగాని—

పెట్టేయకండి. గంటసేపు కూర్చుంటే కలిసింది ఈ ట్రంక్‌కాల్.

అన్నవరంలో వ్రతం పీటల మీంచి మా మీనాని రెక్క పట్టుకుని లేపారట. తిరుగు రైల్లో మా స్టేషన్లో దింపేసి, మీ దారిన మీరు పోయారు. నాలుగు రోజులైంది…

దాచిందా? ఏం దాచిందండీ? అయిదో రోజు తలంటుకుని, శుభ్రంగా ఆగాకే కొండెక్కింది. పీటల మీద కూర్చున్నాక మళ్లీ కనబడితే అదేం చేస్తుంది…

ఆ, ప్రతి నెలా అంతే. ఆగినట్టే ఆగి, మళ్లీ పది రోజులు చుక్క చుక్కగా. చినబాబు పుట్టాకే ఇదంతా…

గాలీ కాదు, ధూళీ కాదు. నిన్న కాకినాడలో లేడీ డాక్టరుగారు మందెక్కించి ఎక్స్‌రే తీశారు. ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు చూడండి, ఆ కుట్టు లోపల సరిగ్గా అతుక్కోక గుంటలా ఉండిపోయిందట. నెలసరి రక్తం కొంత అందులో నిలిచి, తర్వాత మెల్లిగా కారుతోందట. అంతే…

ఎవరు చేయించారా? నొప్పులైనా రాని పిల్లని బల్ల ఎక్కించిందెవరు? గురువారం పదీ నలభైకి పుడితే మహర్జాతకమని సిద్ధాంతి చేత కాగితం రాయించుకొచ్చింది మీరు కాదూ…

అవును, సంతకం మావారే పెట్టారు. మీ మాట కాదనలేక పెట్టారు—

ఆపరేటరుగారూ, ఇంకో మూడు నిమిషాలివ్వండి.

ఏంటీ… గర్భసంచి తీయించేసి పంపాలా? లేకపోతే గుమ్మం ఎక్కనివ్వరా?

ఇరవై రెండేళ్లండీ దానికి. సంచి జోలికి వెళ్లక్కర్లేదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మాత్రలిచ్చారు. తగ్గకపోతే ఆ కుట్టు సంగతే చూద్దామన్నారు…

మీ ఇంట్లో మైల కుదరదు. అందుకని నెలకి పదిహేను రోజులు దొడ్లో రేకుల పాకలో పడేశారు. పిల్లాడు గుమ్మంలో ఏడుస్తుంటే దూరం నుంచి చూస్తూ కూర్చుందట. మనసెలా ఒప్పిందండీ మీకు?

ఏంటీ…

మా ఇంట్లోనా…

మా ఇంట్లో ఎక్కడ పడుకుంటోందంటే…

వరండాలో.

చాప మీద… ఆ. కంచం, చెంబూ విడిగానే.

నవ్వండి. నవ్వరూ మరి. డాక్టరుగారు అంత విడమరిచి చెప్పినా, నిన్న బస్సు దిగి తీసుకొచ్చి మళ్లీ అక్కడే కూర్చోబెట్టాను. మీరు అడిగేదాకా నాకు తోచనేలేదు. సిగ్గుగా ఉంది వదినగారూ.

ఉండండి, లైన్లోనే ఉండండి.

మీనా… చినబాబుని ఎత్తుకుని లోపలికి రా. పర్లేదు, గుమ్మం దాటు. దేవుడి గది ముందు నుంచే రా. ఆ చాప ఇంక చుట్టేద్దాం, నా మంచం మీద పడుకుందువుగాని.

ఇదిగో, ఫోన్ పట్టుకో. నేనే ముట్టుకోమంటున్నాను. మీ అత్తగారు. సంచి తీయించుకోనని నీ నోటితో నువ్వే చెప్పు.

…

పెట్టేశారా?

పెట్టేయనీ. నువ్వు ముందు ఇలా నా పక్కన కూర్చో.